గిన్నెల చప్పుడు

కొండకి బయలుదేరాల్సిన ముందురోజు పొద్దున్న ఆ ఇంట్లో ఉప్పు డబ్బా గురించి పెద్ద గొడవ జరిగింది.

మామగారికి తన టీలో పంచదార ఇంకొకరు వేస్తే నచ్చదు. తానే వంటగదిలోకి వచ్చి, అరమీద డబ్బా అందుకుని, చెంచాతో వేసుకుని, కలుపుకుంటూ వరండాలోకి వెళ్ళిపోతారు. ఆ రోజు వెళ్ళినంత వేగంగానే వెనక్కి వచ్చి, నోట్లోది తొట్టిలో ఉమ్మేశారు.

"ఎవరు మార్చారు ఈ డబ్బాలు?"

"నిన్న అర తుడిచాను. అటూ ఇటూ అయ్యాయేమో," అన్నారు అత్తగారు, బంగాళాదుంపలు ఏరుతూ తల ఎత్తకుండా. "అయినా అంత లావు అక్షరాలతో కోడలు రాసి అంటించింది కదా. చూసి వేసుకోవచ్చుగా."

"పొద్దున్నే టీ తాగడానికి చదువు కూడా రావాలా? వస్తువు ఉండాల్సిన చోట ఉంటే చూడక్కర్లేదు."

"కొండంత కొండని ముందుండి ఎక్కిస్తారు గానీ, ఉప్పేదో పంచదారేదో తెలీదు మహానుభావుడికి!"

"కొండ చోటు మారదు. నీ డబ్బాలే మారతాయి."

బడికి తయారవుతున్న మనవరాలు మధ్యలో దూరింది. "తాతయ్యా, ఉప్పుది ఎర్రమూత. పంచదారది తెల్లమూత. అది కూడా తెలీదా?"

"నువ్వొకర్తివి తక్కువయ్యావు," అన్నారాయన. కొత్త టీ పెట్టించుకోకుండానే వెళ్ళిపోయారు.

గిన్నెలు తోముతున్న కోడలి చెయ్యి ఆగింది. అక్షరాలు చదవలేదంటే సరే. అంత ఎర్రటి మూత కూడా కనబడలేదా?

ఆ ఇల్లు కొండ మొదట్లో, బస్సులు ఆగే చోట ఉంది. ముందుగదిలో కుర్చీలకన్నా బూట్లు ఎక్కువ. గోడకి తాళ్ళు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. కొండ ఎక్కాలని వచ్చినవాళ్ళని తీసుకువెళ్ళి తీసుకురావడమే వాళ్ళ పని. మామగారు ముందు నడుస్తారు. ఊళ్ళో అందరికీ ఆయన పెద్దాయన. కోడలి భర్త అందరికన్నా వెనక నడుస్తాడు. ఆమె వంట చేస్తుంది.

మధ్యాహ్నం కోడలు ముందుగదిలో కూర్చుని వంటమూట కడుతూ, ఒక్కో గిన్నె మధ్యా పాత గుడ్డ కుక్కుతోంది. గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగితే మామగారు సహించరు. 'ఇది కొండ నడకా, బ్యాండుమేళమా?' అంటారు. భర్త పక్కనే కూర్చుని బూట్ల అడుగున ఇనప ముళ్ళు ఊడాయేమో చూస్తున్నాడు.

"ఏవండీ, మామయ్యకి చూపు సరిగా ఆనుతున్నట్టు లేదు."

"ఎందుకలా అనిపించింది?"

"పొద్దున్న మూత రంగు తెలియలేదు."

"వంటింట్లో నాకు మాత్రం ఏం కనబడుతుంది? ఎదురుగా ఉన్న అగ్గిపెట్టె కోసం గంట వెతుకుతానని నువ్వే అంటావుగా."

"నవ్వులాట కాదు. పైన చరియ రాలిపడ్డ చోట కొత్తదారి పెట్టాం. అక్కడ గుర్తు ఎర్రగుడ్డలే."

భర్త బూటు కింద పెట్టాడు. ఒక్క క్షణం ఏదో అనబోయినట్టు కనిపించి, మళ్ళీ బూటు చేతిలోకి తీసుకున్నాడు. "ఆ దారి నాన్న కళ్ళు మూసుకుని నడుస్తాడు."

"నా భయం కూడా అదే," అంది కోడలు.

*

ఈసారి వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకావిడ పెద్ద టీచరు, ఈమధ్యే ఉద్యోగం విరమించింది. రెండోవాడు ఆమె తమ్ముడు, మందుల షాపు యజమాని. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరికి ఏదో ఒక మాత్ర ఇవ్వబోతుంటాడు. మూటలు మొయ్యడానికి అన్నదమ్ములిద్దరు వచ్చారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. అవే వాళ్ళ పేర్లయిపోయాయి.

బూట్లు బిగించుకుంటుండగా మామగారు ఎప్పటి మాటే చెప్పారు. "దారి చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. అది నాది. నాకు వెనకనుంచి గానీ పక్కనుంచి గానీ ఎవరూ అటు వెళ్ళు, ఇటు వెళ్ళు అనకూడదు. మంచుమీద రెండు గొంతులు వినబడితే కాలు తడబడుతుంది. మా అబ్బాయైనా సరే, నోరెత్తడు."

"మా స్కూల్లో కూడా ఇదే రూలండీ," అంది పెద్ద టీచరు.

"అందుకే నీ స్కూల్లో నేను చదవలేదు," అన్నాడు తమ్ముడు.

వంటమనిషి నడక వేరు. అందరూ తిని లేచి వెళ్ళిపోయాక గిన్నెలు కడిగి, మూట కట్టి, ఆఖరున బయలుదేరాలి. దారిలో అందరినీ దాటాలి. వాళ్ళు చేరేసరికి పై మజిలీలో నీళ్ళు మరుగుతుండాలి. అందుచేత రోజూ ఒకసారి కోడలు భర్తనీ, వచ్చినవాళ్ళనీ, చివరికి మామగారినీ కూడా దాటి వెళుతుంది. ఆ తరవాత మిగతా దారంతా ఆమె ఒక్కర్తీ నడిచేదే. ఎండలోనూ మంచులోనూ అలా నడిచింది. అయితే మజిలీలన్నిటికన్నా పైదాని దగ్గర ఆమె కొండ ఆగిపోతుంది. మిగతావాళ్ళు శిఖరం చూసి వచ్చేదాకా ఆమె అక్కడ సూపు కాస్తుంది. వాళ్ళు వచ్చి ఎలా ఉందో చెప్తే వింటుంది. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఎవరూ ఆలోచించని విషయం, అంతే.

మొదటిరోజు మబ్బు పట్టింది. వాళ్ళని దాటేటప్పుడు ఆమె కావాలనే నడక తగ్గించి మామగారి వెనకే కొంతదూరం నడిచింది. ఆయన అడుగు ఎక్కడా తప్పలేదు. రాయి వచ్చేముందే కాలు ఎత్తుతున్నారు. తనది అనవసర అనుమానమేమో అనుకుని ఆమె మనసు కాస్త తేలికపడింది.

సాయంత్రం గుడారంలో ఆయన అందరికీ వేడినీళ్ళు పోశారు. పోస్తూ ఎడమచేతి చూపుడువేలు గ్లాసు అంచునించి లోపలికి వేలాడేసి పట్టుకున్నారు. నీళ్ళు వేలికి తగలగానే ఆపారు. ఒక్కో గ్లాసుకీ అంతే. మందుల షాపాయన నవ్వుతూ అన్నాడు, "పెద్దాయనా, మా నీళ్ళలో మీ చెయ్యి కడుగుతున్నారా?"

"కొండమీద చేతికి మురికుండదు లెండి," అన్నారాయన.

అందరూ నవ్వారు. వేలు ఎర్రగా కందింది. అది కోడలు మాత్రమే చూసింది.

*

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. "మనకి అదృష్టం కలిసొచ్చింది!" అని టీచరు మురిసిపోయింది. మంచుమీద ఎండ పడి, నల్ల కళ్ళద్దాల్లోంచి కూడా చూడలేనంత తెల్లగా మెరుస్తోంది. దాటి వెళుతూ కోడలు చూసింది. మామగారు టోపీ కళ్ళమీదికి లాక్కున్నారు. నిన్న ఊరికే పట్టుకుని నడిచిన కర్రతో ఇవాళ ప్రతి అడుగుకీ ముందు నేల తడుముతున్నారు. మబ్బురోజున బాగున్న మనిషికి వెలుగే శత్రువయింది.

చరియ రాలిపడ్డ చోటు రెండో మజిలీకి కాస్త ఇవతల ఉంది. మంచు నిండిన ఒక లోతైన వాలుని అడ్డంగా దాటాలి. వానలకి ముందు దాన్ని కిందివైపున, చదునుగా ఉన్నచోట దాటేవారు. వానల్లో పక్కగట్టు విరిగి, కరిగిన నీళ్ళు అటు తిరిగాయి. ఇప్పుడు అక్కడ పైకి మంచు కనబడుతుంది గానీ, అడుగున నీళ్ళు తొలిచేసి అంతా గుల్ల. అందుకే మామగారూ భర్తా కలిసి కాస్త పైన, వాలు మధ్యనున్న నల్లబండ పక్కనుంచి కొత్తదారి పెట్టి, బెత్తాలకి ఎర్రగుడ్డలు కట్టి పాతారు.

కోడలూ, ఆమెకన్నా ముందే బయలుదేరిన మూటల అన్నదమ్ములూ కొత్తదారిన దాటి అవతలి గట్టుమీద ఊపిరి పీల్చుకుంటున్నారు. పొట్టి వెనక్కి తిరిగి చూసి, "అక్కా," అన్నాడు.

మామగారు వంపు తిరిగి వచ్చారు. నల్లబండవైపు రాలేదు. ఎన్నో ఏళ్ళు నడిచిన కాళ్ళు వాటంతట అవే కిందికి, చదునువైపు మళ్ళాయి. కర్ర గట్టి మంచునే తాకుతోంది; గుల్ల ఇంకా ముందుంది. ఆయన వెనకే మందుల షాపాయన, తల వంచుకుని, అడుగులో అడుగు వేస్తూ వస్తున్నాడు. భర్త ఎక్కడో వంపు వెనక, టీచరు దగ్గరే ఉండిపోయినట్టున్నాడు. కనబడలేదు.

"పెద్దాయన పాతదారి పట్టాడక్కా. అరవనా?"

"ఆగు."

అరుపు ఆమె గొంతులోనే ఉంది. అరిస్తే ఆయన ఆగుతారో, లేక నియమం ప్రకారం వినిపించుకోకుండా వచ్చేస్తారో తెలియదు. వెనకున్నాయన బెదిరి ఎటు కాలు వేస్తాడో అసలే తెలియదు. ఇంకొకటి కూడా ఉంది. ఎవరో పరాయివాళ్ళ ముందు, కోడలు, ఆ మనిషిని, 'దారి తప్పారు' అని అరవడం. ఒక్కసారి అన్నాక ఆ మాటని ఏ కొండా వెనక్కి తీసుకోదు.

ఆమె వీపుమీద మూట కిందికి దించింది. ముడి ఊడదీసింది. అన్నిటికన్నా పెద్ద గిన్నె లాగి, గరిటెతో అడుగున గట్టిగా వాయించింది. పిలుపుకి రాకపోతే అప్పుడు ఎలాగూ అరవాల్సిందే అనుకుంటూ నల్లబండ దగ్గరికి దిగి మళ్ళీ వాయించింది. టీకి పిలిచేటప్పుడు వాయించే వరసే. ఆ చప్పుడు వినబడితే ఏ పనిలో ఉన్నవాళ్ళైనా వదిలేసి వస్తారు.

మామగారు ఆగారు. చూడలేదు. చెవి ఇటు తిప్పారు. కర్ర ఎత్తినది ఎత్తినట్టే ఉంది. ఆ ఆగడం చాలాసేపు అనిపించింది ఆమెకి. తరవాత ఆయన వెనకున్న మనిషితో ఏదో అని, చప్పుడువైపు తిరిగి, మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టారు. ఆమె చెయ్యి ఆపలేదు. ఆయన నల్లబండ చేరి, దాన్ని చేత్తో తడిమాకే ఆపింది.

"ఇక్కడ టీ ఏమిటమ్మా, ఈ గాల్లో?" అన్నాడు మందుల షాపాయన ఆనందంగా. "భలే మంచి ఆలోచన!"

మజిలీలో ఇద్దామని ఫ్లాస్కులో పోసి తెచ్చిన టీ ఆమె గ్లాసుల్లో పోసింది. మామగారు గ్లాసు అందుకుని, రెండోచెయ్యి బండ పక్కకి చాచారు. పాతి ఉన్న బెత్తం వేళ్ళకి తగిలింది. వేళ్ళు బెత్తం వెంట పైకి పాకి గుడ్డని పట్టుకున్నాయి. దాన్ని అలా నలుపుతూ ఉండిపోయారు. తరవాత ముఖం కింది చదునువైపు తిప్పి, అక్కడ కనబడనిదేదో చూస్తున్నట్టు నిలబడ్డారు.

ఈలోగా టీచరూ, భర్తా చేరుకున్నారు. భర్త కింది మంచుమీద అడుగుల జాడ చూశాడు. అది చదునువైపు వెళ్ళి, ఆగి, పైకి తిరగడం చూశాడు. భార్య ముఖం చూశాడు.

టీ అయ్యాక కోడలు గిన్నెల మధ్య గుడ్డలు కుక్కబోతుంటే మామగారు దగ్గరికి వచ్చి వంగారు. గొంతు తగ్గించి అన్నారు:

"అమ్మాయ్, నువ్వు మా ముందే నడు. మరీ దూరం పోకు. గుడ్డలు పెట్టకు. కాస్త మోగనీ."

*

ఆ సాయంత్రం పై మజిలీలో భర్త వంటగుడారంలోకి వచ్చి, అడగకుండానే బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టాడు. తొక్క మరీ మందంగా వస్తోంది.

"సగం దుంప తొక్కతోనే పోతోంది," అంది ఆమె.

"నాన్నకి ఎవరు చెప్తారు?"

"ఆయనకి తెలుసు."

"అంటే... ఇకమీదట ముందు..." అని ఆగిపోయాడు. కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. తండ్రి గురించిన బెంగ అనుకుంది ఆమె.

అప్పుడే మామగారు తెర ఎత్తి లోపలికి వచ్చారు.

"రేపు నువ్వు కూడా పైకి రా," అన్నారు కోడలితో.

ఆమె గరిటె ఆపింది. "మామయ్యా, ఇక్కడినుంచి పైదారి నాకు తెలీదు."

"నాకు తెలుసు కదా."

"మరి..."

"నాకు తెలిసినది అక్కడ ఇంకా ఉందో లేదో నువ్వు చూసి చెప్పు."

కొడుకు తల దించుకున్నాడు. ఆయన ఎవరివైపూ తిరగకుండా, గుడారం గుంజ పట్టుకుని నిలబడ్డారు.

"చెప్తాను," అంది కోడలు. "కానీ 'లేదు' అన్నచోట ఆగిపోదాం. శిఖరం ఎదురుగా ఉన్నా సరే, వెనక్కి వచ్చేద్దాం. సరేనా?"

"నువ్వు ఎక్కడంటే అక్కడే."

తెల్లవారుతుండగా తాడు కట్టుకుని బయలుదేరారు. ముందు కోడలు, ఆమె వెనకే మామగారు. వంటావిడ ముందు నడవడం చూసి టీచరు కనుబొమలు ఎత్తింది గానీ, పెద్దాయన నిబ్బరం చూసి ఊరుకుంది.

"ఇప్పుడు ఎడంపక్క నిలువుగా చీలిన బండ రావాలి. వచ్చిందా?"

"వచ్చింది."

"దాన్ని ఆనుకుని నడు. తరవాత మూడుకాళ్ళ పీటలాంటి రాయి ఒకటి ఉంటుంది."

"ఉంది. ఒక కాలు విరిగింది."

"పడేట్టుందా?"

"లేదు. ఎప్పుడో విరిగినదే. మంచు పట్టి ఉంది."

"అయితే పైనుంచి కాదు, కిందనుంచి పో."

కొంతదూరం అలా నడిచేసరికి ఆమెకి భయం పోయింది. ఆయన మాట ముందుగా వస్తోంది, కొండ దాని వెనకే వస్తోంది. ఒకచోట ఆయన చెప్పిన మెట్టు లేదు. ఆమె "లేదు" అంది. అందరూ నిలబడ్డారు. చుట్టూ చూసి, పక్కన గట్టిమంచు మీద తాడు వేసుకోవచ్చనిపించి, ఉన్నది ఉన్నట్టు వర్ణించింది. ఆయన రెండు ప్రశ్నలు అడిగి, సరేనన్నారు. వెనకనుంచి మందుల షాపాయన అక్కతో అంటున్నాడు, "చూశావా, కోడలికి పాఠం ఎలా చెప్తున్నాడో! ప్రశ్న వెయ్యడం, జవాబు రాబట్టడం. నువ్వు ఇంట్లో నాకు ఇలా చెప్పి ఉంటే నేను పాసయ్యేవాణ్ణి."

శిఖరం నాలుగు చాపలు పరిస్తే నిండిపోయేంత ఉంది. ఇంతేనా అనుకుంది కోడలు. మరుక్షణం చుట్టూ చూసి, ఇంత ఉందా అనుకుంది. టీచరు కళ్ళు తుడుచుకుంటూ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎన్నోసారి ఇది నీకు?"

"ఇదే మొదటిసారండీ."

టీచరు ఆమెనీ పెద్దాయననీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు మామగారికి కనబడకపోయినా, ఆ మాట వినబడింది. ఆయన కోడలి పక్కకి వచ్చి కూర్చున్నారు.

"ఏం కనబడుతోంది?"

ఆమె చెప్పింది. బస్సుల రోడ్డు దారప్పోగులా ఉంది. మనం దాటి వచ్చిన వాలు నుదుటిమీద గీతలా ఉంది. అవతలిపక్క ఒక సరస్సు.

"సరస్సు నీలంగా ఉందా?"

"లేదు మామయ్యా. బూడిదరంగులో ఉంది."

"అయితే అటునుంచి మబ్బు వస్తోందన్నమాట. లేవండి, దిగుదాం," అని ఆయన లేచారు.

సగం దిగేసరికి పైన శిఖరం మబ్బులో మునిగిపోయింది.

*

ఇల్లు చేరిన రోజు రాగానే అందరూ పడి నిద్రపోయారు. మర్నాడు మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నారు. అత్తగారు అన్నం పెట్టారు. పొడుగూ, పొట్టీ కూడా లెక్క తేల్చుకోవడానికి వచ్చి పంక్తిలో కూర్చున్నారు. మామగారు ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అన్నారు:

"నా కళ్ళకి పొర వచ్చింది. రెంటికీ."

అత్తగారు కూర వడ్డిస్తూనే, "నాకు తెలుసు," అన్నారు. "కొండకి వెళ్ళకముందు వరండాలో వేలాడుతున్న కోటుతో, 'ఎంతసేపయింది వచ్చి, కూర్చో' అన్నారు. అడిగితే కరుస్తారని ఊరుకున్నాను."

మనవరాలు ఫక్కున నవ్వి, తల్లి చూపుకి నోరు మూసుకుంది.

"ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు కొడుకు.

"చెబితే నిన్ను ముందు నిలబెట్టాలి. నువ్వు ఎప్పుడూ వెనకే నడిచావు. ఎవరి మడమ నొప్పెట్టిందో, ఎవరు భయపడుతున్నారో నీకు తెలిసినట్టు నాకు తెలీదు. కానీ దారి వేరు. నా తరవాత దారి తెలిసినవాళ్ళు లేరనుకున్నాను." ఆయన ముద్దని వేళ్ళతో అటూ ఇటూ నెట్టారు. "రోజూ నన్ను దాటి వెళ్ళే మనిషిని నేను లెక్కలో వేసుకోలేదు. నా కళ్ళు బాగున్నప్పుడు కూడా వేసుకోలేదు."

కోడలు భర్తవైపు చూసింది. నొచ్చుకున్నాడేమోనని ఆమె భయం. అతను చేతిలో ముద్ద కంచంలో వదిలేసి, గుండెల్లోంచి గాలి వదిలాడు.

"అమ్మయ్య!" అన్నాడు.

"అమ్మయ్యేమిట్రా?" అంది తల్లి.

"నన్ను ముందు నడవమంటారేమోనని ఎంతకాలంగా భయపడి చస్తున్నానో మీకేం తెలుసు? ముందు మనుషులెవరూ లేకపోతే నాకు కాలు కదలదమ్మా."

పొట్టి ముందు నవ్వాడు. తరవాత పొడుగు. మామగారి భుజాలు కదిలాయి. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకుంది కోడలు.

"సరే వినండి," అన్నారాయన. "నేను కళ్ళాసుపత్రికి వెళ్తాను. వచ్చే జట్టుకి కోడలు ముందు నడుస్తుంది. చూపు వచ్చినా రాకపోయినా, ఆ మాట అంతే."

"మరి వంట?" అన్నారు అత్తగారు.

"పొట్టి చేస్తాడు."

"వాడి అన్నం పిడకలా ఉంటుంది!"

"కొండమీద ఆకలికి రాళ్ళయినా అరుగుతాయి లే."

కోడలు ఇంకా కంచం ముట్టుకోలేదు. అందరూ తనవైపు చూస్తున్నారని తెలిసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంది:

"నడుస్తాను మామయ్యా. అయితే ఇకనుంచి ఒకటి మారాలి. నా వెనకున్నవాళ్ళలో ఎవరికి ఏది కనిపించినా చెప్పాలి. మూటలవాళ్ళయినా సరే, వంటవాళ్ళయినా సరే, ఆ రోజే కొత్తగా వచ్చినవాళ్ళయినా సరే."

"రెండు గొంతులైతే కాలు తడబడుతుందమ్మా," అన్నారు మామగారు. అలవాటుగా వచ్చిన మాట.

"కాలు వెయ్యకుండా నిలబడి వింటాను. విన్నాకే వేస్తాను."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగారు. తరవాత మెల్లగా తల ఊపారు.

"అయితే ఇప్పుడే ఒకటి చెప్పొచ్చా?" అన్నాడు భర్త.

"చెప్పండి."

"నువ్వు మరీ వేగంగా నడుస్తావు. వెనకున్నవాళ్ళం చచ్చిపోతున్నాం."

ఆమె అతన్ని చూసింది. అతను నవ్వడం లేదు, నిజంగానే చెప్తున్నాడు.

"తగ్గిస్తాను," అని, కోడలు అన్నం కలుపుకుంది.